పక్షవాతము వచ్చినవారి చేతిలో ఫోను



పక్షవాతము వచ్చి ఇంటిపట్టున ఉన్నవారు ఒకరిద్దరైనను లేని సంఘము మనలో అరుదు. మనము వారిని పరామర్శించుటకు వెళ్లుదుము. పండ్లు ఇచ్చి, "ఎట్లున్నారు?" అని అడుగుదుము. వారికి బదులుగా ఇంటివారు జవాబు చెప్పుదురు. మంచము ప్రక్క బల్లమీద మాత్రల డబ్బా ఉండును, నీళ్ల చెంబు ఉండును. వారి ఫోను మాత్రము అక్కడ కనబడదు. అది కొడుకు జేబులోనో, మనుమని చేతిలోనో ఉండును.

ఈ నెల పాఠము ఆ ఫోనును గూర్చినది. పక్షవాతము వచ్చిన మొదటి గంటలలో ఫోను ఏ పనికి రావలెను, తరువాతి నెలలలో కాలు, చేయి, మాట తిరిగి నేర్చుకొనుటకు అది ఎట్లు తోడ్పడును, దానివలన మోసపోకుండ ఎట్లు ఉండవలెను అను మూడు సంగతులు ఇందులో నేర్చుకొందము. ఇంటిలో రోగి ఉన్నవారు దీనిని రోగి ప్రక్కన కూర్చుండి బిగ్గరగా చదివిన మేలు.

1. ఒక ఇంటి సంగతి

మా మేనమామ సోలాపూరులో మరమగ్గము మీద తువ్వాళ్లు నేసిన మనిషి. ఆయన తాతల కాలములో సిరిసిల్ల ప్రాంతమునుండి అక్కడికి వలస వెళ్లిరి. మా పెద్దమ్మను మరల సిరిసిల్లకే ఇచ్చిరి గనుక రాకపోకలు నిలిచియున్నవి. మామయ్య బజారులో మరాఠీ మాట్లాడును, ఇంటిలో తెలుగు మాట్లాడును.

2022 వేసవిలో, తన 58వ ఏట, ఒక రాత్రి భోజనము చేయుచుండగా కుడిచేతిలోని ముద్ద జారిపోయెను. మూతి ఒక ప్రక్కకు లాగెను. ఏదో చెప్పబోయెను గాని మాట తేలలేదు. ఇంటిలో అందరికిని ఫోనులు ఉన్నవి. అయినను ఎవరును అంబులెన్సును పిలువలేదు. అంతకు కొన్నాళ్ల ముందు వాట్సాప్‌లో వచ్చిన ఒక సందేశము అల్లునికి జ్ఞాపకము వచ్చెను. పది వ్రేళ్ల కొనలను సూదితో గుచ్చి నెత్తురు తీసిన యెడల పక్షవాతము ఆగిపోవునని అందులో ఉన్నది. అట్లే గుచ్చిరి. నెత్తురు వచ్చెను గాని చేయి లేవలేదు. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసికొనిపోయిరి. గడ్డను కరిగించు ఇంజెక్షనుకు వేళ దాటిపోయినదని డాక్టరు చెప్పెను.

ఆసుపత్రిలో మాట పరీక్ష మరాఠీలో జరిగెను. బొమ్మలు చూపి పేర్లు అడిగిరి. మామయ్య ఊరక చూచుచుండెను. అర్థము చేసికొనుట చాల తక్కువ అని కాగితము మీద వ్రాసిరి. ఇంటికి వచ్చిన తరువాత ఆయన ఫోనును అల్లుడు తీసి పెట్టెను. "ఆయనకు ఇంక ఫోనెందుకు, కింద పడేస్తడు" అనిరి. ఆ మాటలో దురుద్దేశమేమియు లేదు.

రెండు నెలల తరువాత ఒక సాయంకాలము మనుమరాలు మా పెద్దమ్మ పంపిన మాటల సందేశమును తాత చెవి దగ్గర పెట్టెను. "తమ్మీ, ఎట్లున్నవురా? బువ్వ తిన్నవా?" అని పెద్దమ్మ గొంతు. మామయ్య తల త్రిప్పెను. పిల్ల మరల వినిపించెను. మూడవ మారు విని, "అక్కా" అనెను. కొంచెము ఆగి, "తిన్న" అనెను. రెండు నెలలలో ఆయన నోట స్పష్టముగా వచ్చిన మొదటి మాటలు అవే. అత్తయ్య వంటయింటిలోనుండి పరుగెత్తుకొని వచ్చెను.

ఇల్లు అదియే, ఫోనులు అవియే. ఒక రాత్రి అవి విలువైన గంటలను పోగొట్టెను. ఒక సాయంకాలము అవియే రెండు మాటలు తెచ్చెను. ఈ భేదము ఎక్కడనుండి వచ్చెనో చూతము.

2. మొదటి గంటలలో ఫోను పని

మెదడులోని ఒక భాగమునకు నెత్తురు అందకపోవుటవలన పక్షవాతము వచ్చును. ఎక్కువ మందికి గడ్డ అడ్డుపడి రక్తనాళము మూసికొనిపోవును. కొందరికి నాళము చిట్లి మెదడులో నెత్తురు కారును. బయటికి రెండును ఒకేలాగున కనబడును. ఏది అయినది స్కానింగులో తప్ప తెలియదు. కాబట్టి ఇంటిలో ఎవరును సొంతముగా ఆస్పిరిన్ మాత్ర ఇయ్యరాదు. నెత్తురు కారుచున్నవారికి అది కీడు చేయును.

పెద్ద నాళము మూసికొనిపోయినప్పుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు చనిపోవునని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్క కట్టెను. గడ్డను కరిగించు మందును మూడు గంటలలోపల ఇచ్చిన మేలు కలుగునని 1995లో రుజువాయెను. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగెను. నాళములోనికి సన్నని గొట్టము పంపి గడ్డను బయటికి తీయు చికిత్స 2015 నుండి స్థిరపడెను. తగిన కొందరికి ఇది 24 గంటల వరకు చేయవచ్చునని 2018లో తేలెను. అయినను ఏ చికిత్సయైనను ఎంత త్వరగా చేసిన అంత మేలు.

గుర్తుంచుకొనవలసినవి నాలుగు మాటలు: ముఖము, చేయి, మాట, సమయము. నవ్వుమనగా మూతి ఒక ప్రక్కకు పోవుచున్నదా? రెండు చేతులు ఎత్తుమనగా ఒకటి వాలిపోవుచున్నదా? ఒక వాక్యము చెప్పుమనగా మాట తడబడుచున్నదా? వీటిలో ఒకటి కనబడినను సమయము పోగొట్టక ఫోను తీయవలెను. అప్పుడు ఫోనుతో చేయవలసిన పనులు ఇవి:

మొదట 108కి గాని 112కి గాని ఫోను చేయుడి. పక్షవాతమని అనుమానముగా ఉన్నదని స్పష్టముగా చెప్పుడి.

గడియారము చూచి, రోగి చివరిసారి బాగుగా కనబడిన వేళను వ్రాసికొనుడి. డాక్టరు అడుగు మొదటి ప్రశ్న అదియే. నిద్రలో వచ్చినదైతే లేచిన వేళ కాదు, పడుకొన్న వేళ చెప్పవలెను.

రోగి వాడుచున్న మాత్రల అట్టలకు ఫోటో తీసికొనుడి.

వీడియోలు వెదకుచు కూర్చుండకుడి. వ్రేళ్లు గుచ్చుట, నోటిలో నీళ్లు పోయుట, చేయి మర్దన చేయుట ఏదియు వద్దు. పక్షవాతములో మ్రింగు శక్తియు తగ్గును గనుక నీళ్లు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

మామయ్య ఇంటిలో ఆ రాత్రి ఈ నాలుగింటిలో ఒకటియు జరుగలేదు. చదువు లేక కాదు, ముందుగా ఎవరును చెప్పక.

3. మెదడు తిరిగి నేర్చుకొనును

చనిపోయిన కణములు తిరిగి రావు. అయితే మిగిలిన భాగములు ఆ పనిని కొంతవరకు నేర్చుకొనగలవు. ఈ నేర్పు అభ్యాసమువలననే వచ్చును. మగ్గము నేర్చుకొను పిల్లవానిని చూడుడి. తెగిన పోగును ముడివేయుట ఒకనాడు చూచి నేర్చుకొనడు. వందల మారులు వేసి తప్పి, మరల వేసిన తరువాత వ్రేళ్లకు తెలిసిపోవును. పక్షవాతము వచ్చిన చేయియు అటువంటి పిల్లవాడే.

ఇక్కడ ఒక లెక్క గమనింపదగినది. అమెరికా, కెనడా దేశములలో రోగుల చికిత్సా తరగతులను పరిశీలించి 2009లో ప్రకటించిరి. చేతికి పని నేర్పు తరగతులలో రోగి ఆ చేతితో చేసిన పనుల సగటు ఒక తరగతికి 32 మారులు మాత్రమే. జంతువులలో మెదడు మార్పునకు వందల మారులు అవసరమైనట్లు పరిశోధనలలో కనబడెను. ఆ గొప్ప దేశములలో తరగతియే చాలనప్పుడు, వారమునకు ఒకటి రెండు సార్లు ఆటోలో ఆసుపత్రికి పోయి వచ్చు మనవారికి ఎట్లు చాలును? మిగిలిన లెక్క ఇంటిలో పూర్తి కావలెను.

రెండవ సంగతి. చేయి మొరాయించినప్పుడు రోగి మంచి చేతితోనే అన్నియు చేయుటకు అలవాటుపడును. తరువాత బలహీనమైన చేతికి కొంత శక్తి వచ్చినను దానిని వాడడు. వాడకపోవుటను నేర్చుకొనును. ఎడ్వర్డ్ టాబ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని విడమరచి చెప్పి, మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితో పని చేయించు పద్ధతి కనిపెట్టెను. మణికట్టు, వ్రేళ్లు కొంతయైనను కదలగల 222 మంది మీద రెండు వారములు దీనిని పరీక్షించి 2006లో ఫలితము ప్రకటించిరి. మామూలు చికిత్స పొందినవారికంటె వీరి చేయి ఎక్కువ బాగుపడెను. ఇది అందరికి తగినది కాదు, ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడే చేయవలెను.

ఈ అభ్యాసములో ఫోను చేయగలది మూడు పనులు.

వేళ చెప్పుట: ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అలారము పెట్టుడి. ఒక్కసారి గంటసేపు చేయించి అలయించుటకంటె పావుగంట చొప్పున పలుమారులు చేయుట తేలిక.

చూపుట: ఫిజియోథెరపిస్టు మీ రోగి చేతిని పట్టుకొని వ్యాయామము చేయించునప్పుడు, వారి అనుమతితో మీ ఫోనులో వీడియో తీసికొనుడి. ఇంటర్నెట్టులోని వెయ్యి వీడియోలకంటె ఇది మేలు. ఎందుకనగా అది మీ రోగి శరీరమునకు, ఆ వారమునకు చెప్పినది. తీసిన వీడియో ఫోనులోనే ఉండును గనుక సిగ్నలు లేకున్నను ఆడును.

లెక్క ఉంచుట: గిన్నెలోనుండి చింతగింజలు ఒక్కొక్కటి తీసి మరియొక గిన్నెలో వేయుట ఎన్ని మారులు చేసిరో ఫోనులో వ్రాయుడి. వారమునకు ఒకసారి అదే కుర్చీలో, అదే వెలుతురులో, అదే పనిని వీడియో తీయుడి. రోజూ చూచువారికి మార్పు కనబడదు. నెల క్రిందటి వీడియో ప్రక్కన పెట్టి చూచినప్పుడు రోగికే ధైర్యము వచ్చును. మార్పు రాకపోయినచో అదే వీడియో చూపి వ్యాయామము మార్చుమని అడుగవచ్చును.

4. పరిశోధనలు ఏమి చెప్పుచున్నవి?

దూరమునుండి ఫోను, కంప్యూటరు ద్వారా చేయు చికిత్స నిజముగా పని చేయునా? 2019లో అమెరికాలో 124 మంది మీద ఒక పరీక్ష జరిగెను. సగము మంది ఆసుపత్రికి వచ్చి, సగము మంది ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి, 70 నిమిషముల చొప్పున 36 తరగతులు చేతి వ్యాయామము చేసిరి. ఇంటిలో చేసినవారి చేయి ఆసుపత్రిలో చేసినవారికి తీసిపోకుండ బాగుపడెను. అయితే వారికి చికిత్సకులు తెర మీద కనబడి మాట్లాడుచుండిరి, తరగతుల లెక్కయు సమానముగానే ఉండెను. దీనినిబట్టి పనిచేసినది తెర కాదు, ఆ 36 తరగతులు అని గ్రహింపవలెను.

మన దేశపు ఫలితములు కూడ దాచక చెప్పవలెను. కుటుంబమువారికి నేర్పి వారిచేత వ్యాయామము చేయించు పద్ధతిని 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో పరీక్షించి 2017లో ప్రకటించిరి. ఆరు నెలల తరువాత మరణములలో గాని, ఇతరుల మీద ఆధారపడుటలో గాని, మామూలు చికిత్సకు దీనికి భేదము కనబడలేదు. ఇంకొక పెద్ద పరీక్షలో 31 ఆసుపత్రులనుండి నాలుగువేల పైచిలుకు రోగులు చేరిరి. వారిలో సగము మందికి ఫోనులో చిన్న సందేశములు, వీడియోలు, ఒక పుస్తకము 12 భారతీయ భాషలలో ఇచ్చిరి. 2023లో వచ్చిన ఫలితమునుబట్టి, ఏడాదిలో మరల పక్షవాతము, గుండెపోటు వచ్చుట తగ్గలేదు. గాని పొగ త్రాగుట, మద్యము మానినవారు కొంత ఎక్కువైరి, మాత్రలు వేసికొనుటయు కొంత మెరుగుపడెను.

రోగులకొరకు "కేర్ ఫర్ స్ట్రోక్" అను ఫోను పాఠములను తయారుచేసి చెన్నైలో పరీక్షించిన వైద్యబృందము 2015లో తమ అనుభవమును ప్రకటించెను. మొదటి పరీక్షలో సిగ్నలు అందకపోవుట, వీడియో ఆగి ఆగి వచ్చుట, బొమ్మ స్పష్టముగా లేకపోవుట వంటి చిక్కులు వచ్చెను. వారు వాటిని సవరించిరి.

ఈ ఫలితములు చదివి నిరాశపడ నక్కరలేదు. సందేశము పంపినంత మాత్రమున రోగము తగ్గదని అవి మనకు నేర్పుచున్నవి. ఫోను గంట కొట్టును గాని చేయి ఎత్తదు. చేయి ఎత్తవలసినది రోగి, ప్రక్కన కూర్చుండవలసినది మనము.

5. మాట, మన భాష

పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి మాటకు సంబంధించిన లోపము వచ్చును. ఎక్కువగా మెదడు ఎడమ భాగము దెబ్బతిని కుడిప్రక్క పడిపోయినవారిలో ఇది కనబడును. దీనివలన తెలివి పోదు. మనస్సులో ఉన్న సంగతికి మాట దొరకదు, లేక విన్న మాట అర్థము కాదు. అట్టివారి ఎదుట "ఈయనకు ఏమియు తెలియదు" అని మాట్లాడుట వారిని గాయపరచుటయే.

ఇతర రాష్ట్రములలో తరతరములుగా ఉన్న మనకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. బరంపురములో ఒడియా, బళ్లారిలో కన్నడము, చెన్నైలో తమిళము, సోలాపూరులో మరాఠీ. ఆసుపత్రి భాష ఒకటి, ఇంటి భాష మరియొకటి. రెండు భాషలు తెలిసినవారికి మాట పోయినప్పుడు ఏది ముందు తిరిగి వచ్చును? చిన్ననాటి భాష నిలుచునని ఫ్రాన్సులో రీబో 1881లో వ్రాసెను. ఎక్కువగా వాడిన భాషయే ముందు వచ్చునని పీత్ర్ అను వైద్యుడు 1895లో చెప్పెను. చాల మందికి రెండును కలిసియే తిరిగి వచ్చునని తరువాతి పరిశీలనలలో తెలిసెను. కొందరికి మాత్రము ఒకటి ముందు, ఒకటి వెనుక. ఏది ముందో పరీక్షించినగాని తెలియదు. ఒక్క భాషలోనే పరీక్షించి "అర్థము కాదు" అని వ్రాసినయెడల, తెలిసిన మనిషిని తెలియనివాని లెక్కలో వేసినట్లే.

రెండు భాషలు తెలియుట భారమని అనుకొనకుడి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2015లో ప్రకటించిరి. రెండు లేక ఎక్కువ భాషలు తెలిసినవారిలో 40 శాతమునకు పైగా, ఒకే భాష తెలిసినవారిలో సుమారు 20 శాతము మంది ఆలోచనాశక్తి చెడకుండ ఉండిరి. మాట పోవుటలో మాత్రము ఇద్దరికి భేదము లేదు. వలస వచ్చి రెండు భాషలతో బ్రదికిన మనవారికి ఇది సంతోషకరమైన మాట.

కాబట్టి మాట చికిత్సకు పోవునప్పుడు, ఇంటిలో ఏ భాష, పనిలో ఏ భాష, డబ్బు లెక్కపెట్టునప్పుడు ఏ భాష అని ముందుగా చెప్పుడి. తెలుగు తెలిసినవారు అక్కడ లేనిచో మీరే ప్రక్కన ఉండి తెలుగులో అడుగుటకు అనుమతి కోరుడి. ఇంటిలో ఫోనుతో ఇట్లు చేయుడి:

ఇంటి వస్తువులకు, ఇంటివారికి ఫోటోలు తీసి ఒక చోట చేర్చుడి. చెంబు, బువ్వ, మరుగుదొడ్డి, దుప్పటి, భార్య, మనుమరాలు. మాట రాని వేళ రోగి వ్రేలితో చూపును. చూపినప్పుడు మీరు ఆ పేరు నెమ్మదిగా పలుకుడి.

దూరముననున్న అక్కచెల్లెండ్రను, అన్నదమ్ములను చిన్న చిన్న మాటల సందేశములు పంపుమనుడి. ఒక సందేశములో ఒకే ప్రశ్న ఉండవలెను. ఎదుటివాడు కాచుకొనియున్నాడను తొందర ఇందులో లేదు. ఎన్ని మారులైనను వినవచ్చును.

మాట రానివారిలో కొందరు చిన్ననాటి పాటలోని పదములను పలుకగలరు. ఆ పాట పెట్టి కలిసి పాడుడి.

తెలుగులో మాట్లాడిన అక్షరములుగా మారు సౌకర్యము 2017 నుండి ఫోనులలో ఉన్నది. మాట కొంత స్పష్టముగా ఉండి చేయి కదలనివారికి అది ఉపయోగము. మాట ముద్దగా ఉన్నవారిని దానితో విసిగింపకుడి.

6. రక్తపోటు, మాత్రలు

ఒకసారి పక్షవాతము వచ్చినవారికి మరల వచ్చు భయము ఎక్కువ. 22 దేశములలో జరిగి 2010లో వెలువడిన పరిశోధననుబట్టి, పక్షవాతపు ముప్పులో పదింట తొమ్మిది వంతులు పది కారణములలోనే ఉన్నవి. వాటిలో మొదటిది అధిక రక్తపోటు.

భుజమునకు పట్టీ కట్టి చూచు బి.పి. యంత్రము ఇంటిలో ఉంచుకొనుట మంచిది. చూచుటకు ముందు అయిదు నిమిషములు వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, మాట్లాడక కూర్చుండవలెను. పక్షవాతము రాని చేతికి పట్టీ కట్టవలెను. చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండవలెను. ఒక నిమిషము విడిచి రెండు మారులు చూచి, రెండు అంకెలను వ్రాయవలెను. సామాన్యముగా 130/80కి లోపల ఉంచవలెనని డాక్టర్లు చెప్పుదురు. మీ రోగికి ఎంత అన్నది మీ డాక్టరు నిర్ణయించును. వ్రాసిన కాగితమునకు ఫోటో తీసి, తరువాతి పరీక్షలో చూపుడి. అంకె బాగున్నదని మాత్ర మానరాదు. మాత్ర వేసికొనుచున్నందుననే ఆ అంకె బాగున్నది.

చేతి గడియారముల సంగతి అడుగుదురు. గుండె లయ తప్పుటను కొన్ని స్మార్ట్ వాచీలు గుర్తింపగలవు. లయ తప్పు ఒక జబ్బువలన పక్షవాతపు ముప్పు సుమారు అయిదు రెట్లు పెరుగును గనుక ఆ హెచ్చరిక వచ్చినచో డాక్టరు వద్దకు పోయి ఇ.సి.జి. తీయించుకొనవలెను. హెచ్చరిక రాలేదని నిశ్చింతగా ఉండరాదు. పట్టీ లేకుండ బి.పి. చెప్పుదునను చౌక గడియారములను నమ్మి మాత్రలు మార్చుకొనరాదు.

7. ఫోనును రోగికి తగినట్లు చేయుట

మనకు తగిన ఫోనును రోగి చేతిలో పెట్టి, "వాడలేకపోవుచున్నాడు" అనుట న్యాయము కాదు. అక్షరములు పెద్దవి చేయుడి. ఒంటిచేతితో టైపు చేయు పలకను ఎంచుడి. వ్రేలు వణకువారికి తాకిడి వ్యవధిని పెంచుడి. మొదటి తెరమీద నలుగురి ముఖములు మాత్రము ఉంచి, తాకగానే ఫోను పోవునట్లు చేయుడి. ఫోను జారకుండ మెడకు త్రాడు గాని, బల్లమీద స్టాండు గాని ఉంచుడి. చాల ఫోనులలో ప్రక్క బటను అయిదు మారులు నొక్కిన అత్యవసర పిలుపు పోవును. దానిని సరిచేసి, రోగికి నేర్పుడి.

మెదడు కుడి భాగము దెబ్బతిన్నవారిలో కొందరు ఎడమవైపున ఉన్నదానిని గమనింపరు. వారికి ఎడమప్రక్క పెట్టిన ఫోను లేనట్లే. మొదట కుడివైపున ఉంచి, చికిత్సకుని సలహామీద క్రమముగా నడుమకు తెండి. బ్యాంకు వ్యవహారములు వేరు ఫోనులో ఉంచుట క్షేమము. అయితే అది రోగికి చెప్పి, ఒప్పించి చేయవలెను.

8. జాగ్రత్తలు

వారములో నయము చేయుదుమను వీడియోలను, పావురపు నెత్తురు పూయుమను సలహాలను నమ్మకుడి. వాటికి పోసిన డబ్బుతో నెలల ఫిజియోథెరపీ వచ్చును.

మొదటి రోజుననే ఎక్కువ నడిపింపకుడి. మొదటి 24 గంటలలోనే లేపి ఎక్కువగా నడిపించినవారి ఫలితము కొంత తగ్గెనని 2015లో ఒక పెద్ద పరీక్షలో తేలెను. ఎప్పుడు లేపవలెనో ఆసుపత్రివారే చెప్పుదురు.

బలహీనమైన చేతిని పట్టి లాగి లేపకుడి, భుజము జారును. నడచునప్పుడు ఫోను చూడనీయకుడి.

సుమారు మూడింట ఒక వంతు మందికి పక్షవాతము తరువాత మనస్సు క్రుంగును. నిద్రలేక, తిండి తినక, వ్యాయామమునకు మొగము త్రిప్పుకొనుచున్నచో అది సోమరితనము కాదు, చికిత్స కావలసిన జబ్బు. డాక్టరుకు చెప్పుడి. ప్రభుత్వపు టెలి మానస్ సేవ 14416 నంబరులో 2022 అక్టోబరు నుండి ఉన్నది, తెలుగులోను మాట్లాడవచ్చును.

9. ముగింపు

మామయ్యకు ఆయన ఫోను తిరిగి ఇచ్చిరి. ఇచ్చినది అల్లుడే. కుడిచేతి వ్రేళ్లు ఇంకను పూర్తిగా విప్పుకొనవు. మగ్గము దగ్గరకు తిరిగి పోలేదు, పోవుననియు ఎవరును చెప్పలేదు. అయితే సాయంకాలము అలారము మ్రోగగానే ఆయన తానే బల్లదగ్గర కూర్చుండును. కుడిచేతితో ఫోనును కదలకుండ ఆపును, ఎడమ వ్రేలితో అక్క ముఖమును నొక్కును. ఆపి పట్టుకొనుట ఆ కుడిచేతికి ఫిజియోథెరపిస్టు చెప్పిన పనియే. పెద్దమ్మ అడుగునది అదే ప్రశ్న. ఆయన జవాబు ఇప్పుడు కొంచెము పెద్దదైనది. "తిన్న అక్కా, పప్పు. నువ్వు?" అనుచున్నాడు.

మొదటి రాత్రి పోయిన గంటలు తిరిగి రాలేదు. ఆ దుఃఖము ఆ ఇంటిలో ఉన్నది. మీ ఇంటిలో అట్లు జరుగకుండుటకే ఇది వ్రాయుచున్నాను. ఈసారి పరామర్శకు వెళ్లినప్పుడు పండ్లతో పాటు ఒక అరగంట తీసికొనిపోండి. రోగి ఫోను ఎక్కడ ఉన్నదో అడుగుడి. అక్షరములు పెద్దవి చేసి, నాలుగు ముఖములు పెట్టి, ఆయన చేతికి ఇచ్చి రండి. ప్రశ్న ఆయననే అడిగి, జవాబు వచ్చువరకు కాచుకొనుడి.

చర్చకు ప్రశ్నలు

1. పక్షవాతమును గుర్తించు నాలుగు మాటలు ఏవి? మీ ఇంటిలోని పిల్లలకు అవి తెలియునా?

2. రోగి "చివరిసారి బాగుగా ఉన్న వేళ" ఎందుకు ముఖ్యము?

3. ఫిజియోథెరపిస్టు చేయించునప్పుడు మనము తీసికొన్న వీడియో, ఇంటర్నెట్టులో దొరకు వీడియోకంటె ఎందుకు మేలు?

4. మీ ఊరి ఆసుపత్రిలో తెలుగు తెలిసినవారు ఎవరు? మాట పోయిన రోగితో తోడు వెళ్లుటకు మీలో ఎవరు సిద్ధము?

5. మన దేశములో జరిగిన రెండు పరీక్షలలో అనుకొన్న మేలు కనబడలేదు. దానినుండి మీరు నేర్చుకొన్నదేమి?

ఈ వారము చేయవలసినది: ఇంటిలోని ప్రతి ఫోనులో 108, 112 నంబర్లను మొదటి తెరమీద ఉంచుడి. పక్షవాతము వచ్చిన ఒక బంధువునకు ఒకే ప్రశ్నతో, మన భాషలో, ఒక మాటల సందేశము పంపుడి.